అద్దె లేని రికార్డు గది

ఇల్లు ఎలా సర్దుకోవాలో చెప్పేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. బల్ల మీద కాగితమన్నది కనపడకూడదనీ, ఏడాది పాటు చేయి పడని వస్తువును గడప దాటించాల్సిందేననీ, బల్ల ఖాళీ అయితే బుర్ర తేటపడుతుందనీ వారి బోధ. విజయవాడ సత్యనారాయణపురంలో మూడు గదుల వాటాలో కాపురముంటూ, అందులో ఒక గదిని కేవలం ఒక బల్లకూ, దాని సొరుగులకూ, ఆ సొరుగుల్లో పట్టని కాగితాలతో అటకెక్కిన ట్రంకు పెట్టెకూ ధారాదత్తం చేసిన పౌరుడిగా ఈ బోధను నేను సవినయంగా తిరస్కరిస్తున్నాను. బల్ల నాదే అయితే ఈపాటికి ఖాళీ చేసేవాణ్ణి. అది ప్రభుత్వ రికార్డు గదికి ఉపశాఖ. అద్దె మాత్రం నేను కడుతున్నాను.

ఏ కార్యాలయానికి ఏ పని మీద వెళ్లినా, కౌంటరు అవతల కూర్చున్నవారు ముందుగా అడిగేది ఎన్నడో అదే కార్యాలయం మన చేతికిచ్చిన కాగితాన్నే. ఇంటి పన్నులో పేరు మార్చాలంటే పాత పన్ను రసీదు కావాలి. పింఛను సవరించాలంటే మొదటి నియామకపు ఉత్తర్వు కావాలి. మీరిచ్చిందే కదా, మీ పుస్తకాల్లో చూసుకోండి అనడం లోకజ్ఞానం లేనివారి మాట. ఆ పుస్తకాలున్న బీరువా తాళం చెవి బదిలీ అయిపోయిన ఉద్యోగి దగ్గర ఉంటుంది, ఆయన సెలవు మీద ఉంటారు, ఈలోగా ఆ గది కప్పు కారుతూ ఉంటుంది. రాజ్యం తన జ్ఞాపకశక్తిని ఇంటింటికీ పంచిపెట్టి, తాను నిశ్చింతగా మరచిపోయే హక్కును సంపాదించుకుంది. అధికార వికేంద్రీకరణ ఈ ఒక్క విషయంలో సంపూర్ణంగా జరిగిందని నా అభిప్రాయం.

పైగా మన శాఖ అసలు కార్యాలయం కంటే నమ్మకమైనదని రుజువు చేయడానికి నా రెండో సొరుగు చాలు. అందులో రాష్ట్ర విద్యుత్ మండలి వారి కరెంటు బిల్లులున్నాయి. ఆ మండలి 1999లో విడిపోయింది. మా వైపు పంపిణీ పని ఆ తర్వాత తిరుపతి కేంద్రంగా ఉన్న సంస్థ చేతికి వెళ్లి, 2020లో విజయవాడ కేంద్రంగా ఏర్పడిన మరో సంస్థకు వచ్చింది. బిల్లులు మాత్రం సొరుగు వదల్లేదు. వాటి కింద, తాతగారికి ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే బయల్దేరమన్న టెలిగ్రాం ఉంది. టెలిగ్రాం అన్న సేవే 2013 జులైలో ఆగిపోయింది. తాతగారు మాత్రం ఆ టెలిగ్రాం తర్వాత నా పెళ్లికి కూడా వచ్చి, పప్పులో ఉప్పు చాలలేదని వెళ్లారు. ఈ కాగితాలన్నిటి మీదా విజయవాడ కృష్ణా జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది ఎన్టీఆర్ జిల్లాకు ముఖ్యపట్టణం. మధ్యలో 2014లో రాష్ట్రమే రెండయింది. ఊరు అంగుళం జరగకుండానే చుట్టూ ఇన్ని మారాయి, రసీదులిచ్చిన సంస్థలు పేర్లు మార్చుకున్నాయి, కొన్ని కనుమరుగయ్యాయి. రసీదు మాత్రం గుండుసూది తుప్పుతో సహా ఉన్నది ఉన్నట్టు ఉంది. ఇంతటి స్థిరత్వాన్ని చిత్తుకాగితమని పిలవడానికి నోరెలా వస్తుందో తెలియదు.

అయినా వర్గీకరణ అంటూ ఒకటి ఉండాలి గనుక, రెవెన్యూ శాఖలో మద్రాసు రోజుల నుంచి నడుస్తున్న పద్ధతినే ఇంట్లోనూ ప్రవేశపెట్టాను. పని ముగిసిన ఫైలును శాశ్వతంగా ఉంచాలంటే దాని మీద ఆర్.డిస్. అని రాస్తారు, పదేళ్లుంచి తీసేయాలంటే డి.డిస్. అని రాస్తారు, కొద్దికాలం ఉంచితే చాలనుకుంటే ఎల్.డిస్. చేసి కట్ట కట్టేస్తారు. నా బల్ల మీది సమస్త పత్రాలనూ ఈ పద్ధతిలో పరిశీలించగా, ఎల్.డిస్.కు అర్హమైనది కేబుల్ టీవీ అబ్బాయి ఇచ్చిన చీటీ ఒక్కటే తేలింది. తక్కినవన్నీ ఆర్.డిస్. కూలర్ వారంటీ కార్డు కూడా ఆర్.డిస్.లోకే వెళ్లింది, కూలర్ ఎప్పుడో పాత ఇనుప సామాను బండెక్కినా, ఆ కార్డు వెనక మా అమ్మాయి లెక్కల మాస్టారి ఫోన్ నంబరు ఉంది. అమ్మాయికి పెళ్లయిందన్న అభ్యంతరం వచ్చింది గానీ, మాస్టారు బతికే ఉన్నారన్న కారణంతో దాన్ని తోసిపుచ్చాను. "ఏమండీ, ఈ కలెక్టరాఫీసు ఎప్పుడు ఖాళీ చేస్తారు?" అని మా ఆవిడ వేసిన ప్రశ్న ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

డి.డిస్. చేయబోయి చేయి ఆగిన కాగితం ఒకటుంది. అది మా దూరపు బంధువు రాసిచ్చిన ప్రామిసరీ నోటు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం నోటుకు ఆయుష్షు మూడేళ్లు. గడువు తీరేలోగా ఎంతో కొంత జమ చేయించి, వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టినవారికి ఈ సూత్రం ఎక్కాలతో పాటే వస్తుంది. మా బంధువు చెల్లు రాయడానికి వస్తానన్న రోజు ఇంకా రాలేదు కాబట్టి నోటుకు కాలదోషం పట్టింది, కోర్టులో దానికిప్పుడు అతికించిన రెవెన్యూ స్టాంపు పాటి విలువ కూడా లేదు. న్యాయశాస్త్రం చూపు అంతవరకే వెళుతుంది. ఆ నోటు నా సొరుగులో భద్రంగా ఉందన్న ఎరుక వల్లనే ఆయన ఏ పెళ్లిలో కనపడినా లేచి తన కుర్చీ నాకిస్తాడు, వాళ్లబ్బాయి పెళ్లిలో బంతి మీద మొదటి బూరె నా విస్తట్లోనే పడింది. చింపేస్తే అసలూ వడ్డీతో పాటు బూరె కూడా పోతుంది. ఇది ఏ సర్దుడు నిపుణుడి లెక్కలోకీ రాని రాబడి.

ఇక మతపరమైన చిక్కు వేరే ఉంది. కాలికి తగిలిన కాగితాన్ని తీసి సరస్వతీదేవి అని కళ్లకద్దుకునే జాతిని, అదే కాగితాన్ని చించి బుట్టలో వేయమనడం సులభం కాదు. శుభలేఖల దగ్గర ఈ చిక్కు ముదురుతుంది. నాలుగు మూలలా పసుపు, పైన ఏడుకొండలవాడు, లోపల శ్రీరస్తు శుభమస్తు ఉన్న కాగితానికి అంత్యక్రియలు ఏ విధానంలో చేయాలో ఏ పురోహితుడూ చెప్పడు. ఆ వధూవరులు విడాకులు పుచ్చుకున్న తర్వాత కూడా వాళ్ల శుభలేఖ మా ఇంట్లో అన్యోన్యంగా కాపురం చేస్తోంది. పాత చీపుళ్లనూ విరిగిన పీటలనూ మింగే భోగి మంట ముందుకు తీసుకెళ్లినా, దేవుడి బొమ్మ కనపడగానే చేయి వెనక్కి వస్తుంది. పారే నీళ్లలో కలపమంటారు పెద్దలు. ఊళ్లో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడున్నాయి గానీ, వాటిలో పారుతున్నది నీరేనని నిపుణులెవరైనా తేల్చేదాకా వేంకటేశ్వరస్వామిని అందులోకి దించలేను.

న్యాయంగా ఒక మినహాయింపును కూడా నమోదు చేయాలి. పెద్దకర్మ కార్డు మాత్రం మన ఇళ్లలో నిలవదు. చదివిన చేత్తోనే చింపి గడప బయట పడేస్తాం, దానికి ఫైలు లేదు, సొరుగు లేదు, రేపు చూద్దామన్న వాయిదా లేదు. అంటే పారేసే విద్య మనకు చేతకాక కాదు, ఎక్కడ వాడాలో మనకు తెలుసు. అయితే ఆ పోయిన మనిషి మరణ ధ్రువీకరణ పత్రం మాత్రం అసలు ఒకటి, జిరాక్సులు దోసెడు చొప్పున ఆ ఇంట్లో వెంటనే ఆర్.డిస్. అవుతుంది. బతికున్నవారి సంగతి అంతకంటే సున్నితం. రైల్వేలో రిటైరైన మా నాన్నగారు కేంద్ర పింఛనుదారులందరిలాగే ఏటా నవంబరులో తాను జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం ఇస్తారు. 2022లోనూ 2024లోనూ ఆయన బతికున్నట్టు రుజువులు బల్ల మీద దొరికాయి, 2023 కాగితం మాత్రం దొరకలేదు. ఆ ఏడాది తాను ఏ స్థితిలో ఉన్నానన్నది తేలేవరకు ఏ కాగితమూ పారేయవద్దని ఆయన ఉత్తర్వులిచ్చారు.

తనంతట తానే బల్ల ఖాళీ చేసే కాగితం ఒకటి లేకపోలేదు. దుకాణాల్లోనూ ఏటీఎంలోనూ నాజూకుగా మెలికలు తిరిగి బయటకొచ్చే బిల్లు, వేడికి నల్లబడే పూత పూసిన కాగితం. దాని మీద సిరా ఉండదు, యంత్రం వేడితో అక్షరాలు లేపుతుంది. బెజవాడ మే నెల రెండు చూసేసరికి ఆ అక్షరాలు వచ్చిన దారినే వెళ్లిపోతాయి. కలకాలం ఉండాలని లామినేషన్‌కు ఇచ్చినవారికి, యంత్రం వేడి తగిలి ఆపాదమస్తకం నల్లబడిన బిల్లు దక్కుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ వారంటీ పదేళ్లు, బిల్లు ఆయుష్షు రెండు వేసవులు. ఈ అంతరాన్ని కనిపెట్టినవాడు వ్యాపారశాస్త్రంలో ఘనుడు.

అన్నీ ఫోన్లోకి ఎక్కించేయమని మా అమ్మాయి సలహా. పత్రాలను ఫోన్లోనే దాచుకునేందుకు ప్రభుత్వమే పెట్టిన డిజిలాకర్ 2015 నుంచి ఉంది, అందులోని పత్రాలకు అసలు పత్రాలతో సమాన హోదా ఉందని చట్టమూ చెబుతోంది. ఆ హోదాను ఒక కార్యాలయంలో వినయంగా ప్రస్తావిస్తే, గుమాస్తాగారు నా ఫోనును రెండు చేతులతో అందుకుని, శ్రద్ధగా చూసి, చాలా బాగుంది, దీన్ని ఎదురు షాపులో ప్రింటు తీయించి, దాని జిరాక్సు మీద సంతకం పెట్టి తెమ్మన్నారు. ఆ విధంగా కాగిత రహిత పాలన నుంచి నా బల్లకు రెండు కాగితాలు అదనంగా చేరాయి.

బల్ల ఖాళీ చేసినవారు లేరా అంటే ఉన్నారు. గుంటూరు బ్రాడీపేటలో మా బావమరిది ఒక సంక్రాంతికి ముందు ఇల్లంతా దులిపి, కాగితాలు తూకానికి వేసి, వచ్చిన డబ్బుతో పునుగులు తెప్పించాడు. అద్దంలా మెరిసే ఆ బల్ల ఫొటో బంధువులందరికీ పంపాడు. తర్వాత ఇల్లమ్మబోతే, కొనేవాళ్ల లాయరు లింకు దస్తావేజు, అంటే ఆ ఇల్లు అంతకు ముందు చేతులు మారినప్పటి పత్రం, అడిగాడు. మన రాష్ట్రంలో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో చూడాలంటే 1983 నుంచే కనపడుతుంది. దస్తావేజు అంతకు ముందుది. చివరికి దాని నకలు, వాళ్ల నాన్నగారి పంపకాల కాగితాలతో కలిసి, సత్యనారాయణపురంలో నా ట్రంకు పెట్టెలో దొరికింది. బావమరిది వచ్చి తీసుకెళుతూ కూడా, "బావగారూ, ఇంత చెత్త ఎందుకండీ?" అని నన్ను మందలించడం మానలేదు. ఖాళీ బల్ల ఉన్న ప్రతి ఇంటికీ బంధువుల్లో నా వంటివాడొకడు పూచీకత్తుగా ఉంటాడు. పరిశుభ్రత కీర్తి వాళ్లది, చెదల మందు ఖర్చు మనది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు ఈ శాస్త్రంలో మరో అధ్యాయం తెలిసింది. కాగితం పోగొట్టుకున్నవాడు నకలు కావాలంటే పోలీసుల దగ్గర పత్రం, నోటరీ అఫిడవిట్ తేవడంతో పాటు, చాలాచోట్ల ఆ పోయిన కాగితం జిరాక్సు కూడా జతపరచాలి. వరదకు ఈ నిబంధన తెలియదు. అది అసలునూ జిరాక్సునూ ఒకే సొరుగులో ముంచింది. అప్పటి నుంచి మా ఇంట్లో అసళ్లు అటక మీదికీ, నకళ్లు సొరుగులోకీ వెళ్లాయి. ఈ ఒక్క సంస్కరణకు మా ఆవిడ కూడా మాట్లాడకుండా సంతకం పెట్టింది.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఇంటింటి బల్లను గృహ రికార్డు గదిగా గుర్తించి, ఆక్రమించిన చదరపు అడుగులను బట్టి నెలసరి అద్దె, ఏటా కలరా ఉండలకూ చెదల మందుకూ భత్యం, అటక ఎక్కే వయసు దాటినవారికి నిచ్చెన రాయితీ మంజూరు చేయాలి. దరఖాస్తుకు ఏమేం అడుగుతారో ఊహించి నేను ముందే సిద్ధమయ్యాను. ఇంటి పన్ను రసీదులు, పాత జిల్లా పేరుతో ఒకటీ కొత్త జిల్లా పేరుతో ఒకటీ చిరునామా రుజువులు, నాన్నగారి జీవన ధ్రువపత్రాలు అన్నీ కట్టగట్టి ఉంచాను. ఇక కావలసింది బల్ల కొన్నప్పటి రసీదు. అది అడుగు సొరుగులో ఉంది. కాగితాలు బిగిసిపోయి ఆ సొరుగు తెరుచుకోవడం లేదు.