ప్రాజెక్టు రికార్డు నింపితే గెస్టుతో మాట్లాడటం వస్తుందా?

హోటల్ కోర్సుల్లో ఇంగ్లిష్ పెట్టింది గెస్టు మాట అర్థం కావాలని, బదులు చెప్పగలగాలని. పరీక్షలో మాత్రం ఖాళీలు నింపమంటాం, యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చమంటాం. అందులో ఫుల్ మార్కులు తెచ్చుకున్న పిల్లాడు కూడా, రూములో ఏసీ పనిచేయడం లేదని ఫోనొస్తే రిసీవర్ పక్కవాడి చేతిలో పెడతాడు.

దీనికి విరుగుడుగా ఇప్పుడు అందరూ ప్రాజెక్టుల మాట, అంటే ఒక పని చేయిస్తూ పాఠం నేర్పే పద్ధతి మాట, ఎత్తుతున్నారు. మంచిదే. కొత్తదేమీ కాదు కూడా: పని చుట్టూ చదువు తిరగాలని 1937లో వార్ధాలో గాంధీ అన్నదీ ఇదే.

ఇలాంటి ప్రాజెక్టులకు నల్లగొండ పిల్లలకు సరుకు కొదవ లేదు. నాగార్జునసాగర్‌లో 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు ఉంది, అందులో శ్రీలంకలోని అవుకన బుద్ధ విగ్రహానికి ఆ దేశం కానుకగా ఇచ్చిన నమూనా ఉంది. ఒక శ్రీలంక కుటుంబం ఒకరోజు పర్యటనకు వస్తోందనుకుందాం. బుకింగ్ ఫోన్ నుంచి వీడ్కోలు దాకా అంతా ఇంగ్లిష్‌లో నడపాలి. వాళ్లు శుక్రవారం అడిగారు. ఆ రోజు నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. కుదరదని నొప్పించకుండా చెప్పి, శనివారానికి ఒప్పించాలి. భోజనంలో సర్వపిండి పెట్టారు. పాపకు పల్లీలు పడవని తల్లి చెప్పింది. అందులో పల్లీలు, నువ్వులు ఉంటాయని అప్పటికప్పుడు చెప్పలేకపోతే పోయేది మార్కులు కాదు, పాప ప్రాణం మీదికి వస్తుంది. మర్యాదగా అడిగే వాక్యాలు, షరతు వాక్యాలు ఎందుకో పిల్లలకు తెలిసేది ఇక్కడే. తడబడ్డాక గ్రామర్ చెబితే వింటారు.

అయితే మన కాలేజీల్లో ప్రాజెక్టు అంటే చార్టు, స్కెచ్ పెన్నులు, సీనియర్ల నుంచి దించిన రికార్డు. గ్రూపులో కాన్వెంటులో చదివిన ఒక్కరే మాట్లాడతారు, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు బొమ్మలు అతికిస్తారు. నేర్చుకోవాల్సింది వాళ్లే కదా! అందుకే కౌంటర్ దగ్గర ప్రతి ఒక్కరూ వంతులవారీగా నిలబడాలి, గెస్టు వేషం లెక్చరర్ వేయాలి, ప్రశ్నలు ముందే చెప్పకూడదు. అరవై మంది ఉన్న క్లాసులో దీనికి టైమ్ చాలదన్నది నిజమే. సిలబస్‌లో రెండు పాఠాలు తగ్గించినా నష్టం లేదని నా అభిప్రాయం.

అసలు చిక్కు మార్కుల దగ్గర ఉంది. ఇంటర్నల్స్, అంటే కాలేజీలోనే వేసే మార్కులు, మనవాళ్లే వేసుకున్నంతకాలం రికార్డు అట్టల అందమే గెలుస్తుంది. సగం మార్కులు మాటకు పెట్టి, విజయవాడ హైవే మీది ఏ హోటల్ నుంచో ఫ్రంట్ ఆఫీసులో పనిచేసేవాళ్లను పిలిచి వేయిస్తే సరి. ఉద్యోగం ఇవ్వాల్సింది కూడా రేపు వాళ్లే.