చెవి కొలత చూసేవాళ్లేరీ?

హైదరాబాద్ లాడ్ బజార్‌లో గాజులమ్మేవాళ్ల పనితనం చూశారా? చెయ్యి చాపితే చాలు, వేళ్లు దగ్గరికి చేర్చి ఒక్కసారి నొక్కి చూసి "రెండు ఆరు" అనేస్తారు. టేపు తియ్యరు, చార్టు చూపించరు. రెండు నాలుగు ఎక్కదనీ, రెండు ఎనిమిది జారిపోతుందనీ ఆ నొక్కులోనే తెలిసిపోతుంది. ఇప్పుడు ఏదైనా మొబైల్ దుకాణానికి వెళ్లి వైర్‌లెస్ హెడ్‌సెట్ అడగండి. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో, డ్రైవర్ (లోపలుండే స్పీకరు) ఎన్ని మిల్లీమీటర్లో, బేస్ ఎలా అదిరిపోతుందో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. మీ చెవి వంక మాత్రం చూడరు.

నా ఫిర్యాదంతా అక్కడే. హెడ్‌సెట్ ఒంటికి తొడుక్కునే వస్తువు. దాన్ని మనం టీవీ కొన్నట్టు అంకెలు చూసి కొంటున్నాం. కంపెనీలు అట్టపెట్టె మీద ఏం అచ్చు వేయగలవో అవే మన కొలతలైపోయాయి. గంటన్నర తర్వాత మీ ఎడమ చెవి లోపల సలుపు మొదలవుతుందని ఏ పెట్టె మీదా రాయరు కదా.

రెండేళ్ల కిందట నేనూ ఆ అంకెలకే పడ్డాను. పేరున్న కంపెనీ బడ్స్ (వైరు లేకుండా చెవికొకటి పెట్టుకునేవి), ఆఫర్ ధర, వేలకొద్దీ రేటింగులు. వచ్చిన రోజు రాత్రి పాటలు విని మురిసిపోయాను. మర్నాడు ఆఫీసు మీటింగ్ గంటా ఇరవై నిమిషాలు సాగేసరికి ఎడమ చెవి లోపల ఎవరో వేలు పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి. కుడివైపుదేమో నవ్వినా, ఆవులించినా జారి ఒళ్లో పడుతోంది. వెనక్కి తీసుకొమ్మంటే, చెవిలో పెట్టుకున్న వస్తువు కాబట్టి కుదరదు, పాడైపోతే మార్చి ఇస్తామన్నారు. పాడవలేదే! వస్తువు బాగానే ఉంది. నా చెవికి అది కాదు, అంతే. ఆ కారణానికి వాళ్ల ఫారంలో గడి లేదు. ఆ బడ్స్ ఇప్పుడు మా మేనల్లుడి దగ్గర దర్జాగా పనిచేస్తున్నాయి.

సుఖం అంటే ఏదో విలాసం, ముందు సౌండ్ బాగుండాలి అనుకునేవాళ్లకు ఒక మాట. చెవిలో దూరే రకాల్లో ఈ రెండూ వేరు వేరు సంగతులు కావు. చివర ఉండే ఆ మెత్తటి సిలికాన్ టిప్ (మా ఇంట్లో రబ్బరు అంటాం) చెవి రంధ్రాన్ని సందు లేకుండా మూస్తేనే బేస్ నిలుస్తుంది. టిప్ చిన్నదైతే గాలి సందులోంచి ముందు పోయేది బేసే. అప్పుడు మనమేం చేస్తాం? సౌండ్ పలచగా ఉందని వాల్యూమ్ పెంచుతాం. బయట ఆటోలు, హారన్లు ఉండనే ఉన్నాయి, ఇంకో రెండు గీతలు పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు, 80 డెసిబెల్స్ (శబ్దం కొలత) దగ్గర వింటే వారానికి 40 గంటలు. అదే 90కి చేరితే వారం మొత్తానికి 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే పదోవంతుకు పడిపోయింది చూడండి. అంటే సరిపడని రబ్బరు ముక్క ఒకటి మీ వారం కోటాను రెండు రోజుల్లో తినేయగలదు.

యాపిల్ వాళ్లకే ఈ సంగతి ఆలస్యంగా తట్టింది. 2016లో వచ్చిన మొదటి ఎయిర్‌పాడ్స్‌కు రబ్బరే లేదు. లోకంలోని చెవులన్నిటికీ ఒకటే అచ్చు. మూడేళ్ల తర్వాత ఎయిర్‌పాడ్స్ ప్రో తెచ్చేటప్పుడు మూడు సైజుల టిప్స్ పెట్టి, అవి చెవిలో సరిగ్గా కూర్చున్నాయో లేదో ఫోనే పరీక్షించి చెప్పే ఏర్పాటు కూడా చేశారు. గాజులమ్మేవాళ్ల నొక్కుడుకు కంపెనీ వాళ్ల బదులు అన్నమాట. ఆ టెస్టు నడిపితే రెండు చెవులకు రెండు సైజులు అవసరమయ్యేవాళ్లూ తేలతారు. అందులో వింతేమీ లేదు, పాదాలు మాత్రం రెండూ ఒక్కలా ఉంటాయా?

పెట్టె మీద మెరిసే అక్షరాల గురించి కూడా చెప్పాలి, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే కాబట్టి. ఏఎన్‌సీ అంటే బయటి రొదను మన చెవికి తగ్గించేది. అది కూడా బస్సు ఇంజన్, ఏసీ, ఫ్యాన్ లాంటి ఒకే తీరుగా సాగే హోరును బాగా తగ్గిస్తుంది. పక్కసీటు పెద్దమనిషి ఫోన్లో భూముల రేట్లు మాట్లాడుతుంటే దాన్ని పూర్తిగా ఆపలేదు. ఈఎన్‌సీ వేరే. అది మన మైకులోకి దూరే చప్పుడును తగ్గిస్తుంది. లాభం అవతల ఫోన్లో ఉన్నవాళ్లకు, మనకు కాదు. తక్కువ ధర పెట్టెల మీద పెద్దక్షరాల్లో ఉండేది చాలాసార్లు రెండోదే. కొన్నవాళ్లు మొదటిది అనుకుంటారు.

ఇంకో చిక్కు. పాట అద్భుతంగా వినిపించిన హెడ్‌సెట్‌లోనే కాల్ మాట్లాడితే బావిలోంచి వచ్చినట్టుంటుంది. పాత పద్ధతి బ్లూటూత్‌లో మైకు తెరుచుకోగానే పాటలకు వాడే దారి మూసుకుపోయి, మాటలకు వేరే ఇరుకు దారి తెరుచుకుంటుంది. ఎక్కువగా కాల్స్ కోసమే కొనేవాళ్లు దుకాణంలో పాట విని తేల్చుకోకూడదు. ఇంటికి ఒక ఫోన్ చేసి చూసుకోవాలి.

మరి ఏది కొనాలంటావు అని అడుగుతారు. నా ఓటు మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్‌కే. పాత ఫ్యాషన్ అని నవ్వినా ఫర్వాలేదు. బడ్స్‌లో బ్యాటరీ, స్పీకరు, మైకు, యాంటెనా అన్నీ చెవిలోనే వేలాడాలి. నెక్‌బ్యాండ్‌లో బరువంతా మెడ మోస్తుంది, చెవిలో ఉండేది స్పీకరు ముక్క ఒక్కటే. రోజుకు నాలుగు గంటలు ఫోన్లోనే బతికే మెడికల్ రెప్పుకు, కాల్ సెంటర్ అమ్మాయికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. చెవిలోంచి జారినా మెడలోనే ఉంటుంది. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు దగ్గర ఒక బడ్ జారిందంటే అంతే సంగతులు. ఆ ఒక్కదాన్నీ విడిగా కొనబోతే కొత్త జత ధర గుర్తొస్తుంది.

బడ్స్ అభిమానుల వాదనలో నిజం లేకపోలేదు. నెక్‌బ్యాండ్ వైరు చున్నీకి, మెడలో గొలుసుకు చిక్కుకుంటుంది. తల తిప్పినప్పుడు లాగుతుంది, పడుకుంటే గుచ్చుకుంటుంది, ఎండాకాలం మెడ చుట్టూ చెమట. బడ్స్‌కు డబ్బాలోనే చార్జింగ్, ఒక చెవికే పెట్టుకుని ఇంకో చెవితో ఇంట్లో మాట వినే సౌకర్యం. రోజుకు అరగంట వాడేవాళ్లు హాయిగా అవే కొనుక్కోవచ్చు. కానీ వాటి చిన్న బ్యాటరీలు నీరసించాక మార్చే దారి ఉండటం అరుదు. వస్తువుల్ని విప్పి చూసి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ మొదటి ఎయిర్‌పాడ్స్‌కు రిపేరు విషయంలో పదికి సున్నా వేసింది.

చెవి మీద కప్పే పెద్ద హెడ్‌ఫోన్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఏసీ గదికి బాగుంటాయి. కళ్లజోడు ఉన్నవాళ్లకు దాని కాడను కణతకేసి నొక్కుతాయి. కమ్మలు పెట్టుకున్నవాళ్లకు వెనకున్న శీల చెవి వెనక గుచ్చుకుంటుంది. వాటికి నమూనా తీసిన తల ఎవరిదో కానీ, కమ్మలు పెట్టుకునే తల మాత్రం కాదు.

ఇక్కడ నన్ను నిజంగా కలవరపెట్టేది హెడ్‌సెట్ ఒక్కటే కాదు. జాకెట్టు కుట్టించాలంటే ఆది జాకెట్టు ఇచ్చేవాళ్లం. చెప్పుల షాపులో వేసుకుని నాలుగడుగులు నడిచేవాళ్లం. కళ్లజోడు కాడను కాస్త వేడిచేసి మన చెవి వంపుకు వంచి ఇచ్చే పెద్దాయనలు ఇప్పటికీ కొందరున్నారు. ఒంటికి తగిలే వస్తువుకు ఒంటినే అడగాలన్న ఇంగితం అందరికీ ఉండేది. ఇప్పుడు చెప్పులూ జాకెట్లూ ఫోన్లోనే, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన నాలుగున్నర చుక్కలు చూసి. వాళ్ల చెవి వేరు, పాదం వేరు. ఆన్‌లైన్లో చెప్పులైనా వెనక్కి పంపొచ్చు. చెవిలో పెట్టినవాటికి చాలాచోట్ల ఆ దారీ లేదు.

ఇది తీరని సమస్యేమీ కాదు. దుకాణంలో మోడల్‌కు ఒక పీసు విప్పి పెట్టి, మనిషి మనిషికీ కొత్త టిప్ తొడిగి, స్పిరిట్‌తో తుడిచి, పది నిమిషాలు పెట్టుకోనిస్తే చాలు. టిప్ ధరెంత, పదిరూపాయలు దాటుతుందా? అద్దాల షాపులో యాభై ఫ్రేములు పెట్టి చూసుకోనిస్తున్నప్పుడు ఇక్కడేమొచ్చింది? అలా చూపించే షాపు కనిపిస్తే వంద ఎక్కువైనా అక్కడే కొనండి. మాట్లాడుతూ, నములుతూ, తల ఊపుతూ చూడండి. హెల్మెట్ తీసుకెళ్లి అది తొడుక్కునేటప్పుడు బడ్స్ తగులుతున్నాయేమో కూడా చూసుకోండి. బండి మీద వాటిని వాడమని మాత్రం నేను చెప్పను.

ఇప్పటికే కొనేసి నొప్పితో సర్దుకుపోతున్నవాళ్లు ఒక పని చేయండి. ఆ అట్టపెట్టె పారేయకపోతే అడుగున వెతకండి. రెండు సైజుల రబ్బర్లున్న చిన్న ప్లాస్టిక్ కవరు ఉంటుంది, బహుశా ఇంకా చింపకుండానే.