అభిషేక తైలం సీసా గారికి బహిరంగ లేఖ

సీసా గారికి,

వందనాలు. నరసన్నపేట నుంచి బొబ్బిలి దాకా క్రైస్తవుల స్వస్థత కూడిక ఎక్కడ పెట్టినా పందిరి బయట బల్ల మీద తమరి దర్శనమే. పది ఎం.ఎల్. ప్లాస్టిక్ ఒళ్లు, బంగారు రంగు మూత, లేబులు మీద పావురం. తమరికి ధర ఉండదట, కానుకేనట. ఆ కానుక ఎంతో మాత్రం అంకెల్లో అంటించి ఉంటుంది.

పావురం కింద "మోషే తైలం" అని కూడా వేయించుకున్నారు. మోషేకి దేవుడు చెప్పిన ఆ తైలం కొలతలు బైబిల్లో నిర్గమకాండం 30వ అధ్యాయంలో ఉన్నాయి. గోపరసం (చెట్టు నుంచి కారే సువాసన బంక) 500 తులాలు, లవంగిపట్ట 250, మళ్లీ లవంగిపట్టే మరో 500 (రెండూ వేరు రకాలు లెండి), నిమ్మగడ్డి 250. ఈ 1,500 తులాల దినుసులకి ఒలీవ నూనె మూడు పళ్లు (తినే పళ్లు కావు, అప్పటి కొలత). తమరి మూత తీస్తే సెంటు వాసనే తప్ప గోపరసం జాడ లేదు. లేకపోవడమే మేలు. అలాంటిది కలిపినవాడూ, అన్యుల మీద పోసినవాడూ ప్రజల్లోంచి కొట్టివేయబడాలని అదే అధ్యాయం 33వ వచనం. తమరిలోని కల్తీయే తమరి యజమానిని కాపాడుతోంది.

తమరికి అసలు పని చెప్పింది బైబిల్లోని యాకోబు పత్రిక 5:14. రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వాళ్లు ప్రభువు నామమున నూనె రాచి ప్రార్థన చేయాలి. స్వస్థపరిచేది విశ్వాసంతో చేసిన ప్రార్థన అని తర్వాతి వచనం. అందులో నూనె ఊసే లేదు. పెద్దలు రోగి ఇంటికి నడిచి రావాలి, మంచం దగ్గర కూర్చోవాలి, జ్వరంతో కాలే నుదురు ముట్టుకోవాలి. తమరొచ్చాక వాళ్లకి ఆ శ్రమ తప్పింది. "పడుకునే ముందు రాసుకో అమ్మా" అని సీసా చేతిలో పెడితే పరామర్శ అయిపోయినట్టే.

కతోలికుల దగ్గర తమరి పప్పులు అంతగా ఉడకవు. అక్కడ మూడు తైలాలు: రోగులకొకటి, జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవారికొకటి, పరిమళం కలిపిన క్రిస్మా ఒకటి. పవిత్ర వారంలో బిషప్ గారు ఆశీర్వదిస్తారు. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనానికీ (బిషప్ గారి ఏలుబడి ప్రాంతానికీ) అదే పద్ధతి. గురువు (పాదిరి గారు) రోగి నుదుటి మీద, చేతుల మీద కాస్త రాస్తారు, అంతే. ఒలీవ దొరక్కపోతే వేరే మొక్కల నూనె వాడొచ్చని 1972లోనే ఆరో పౌలు పోపు అనుమతించారు. మన గానుగ నువ్వుల నూనె కూడా చెల్లుతుందన్నమాట. "యెరూషలేము సరుకు" అన్న తమరి డాబు ఇంకెందుకు?

పని తెలిసిన చేతికి రెండు చుక్కలు చాలు: బొటనవేలు తడిపి నుదుటి మీద సిలువ. తమరి భక్తులు మాడు నుంచి అరికాలి దాకా పట్టిస్తారు. సెంటు నూనె పుండు మీద పడితే మండుతుంది. కర్ణభేరికి చిల్లున్న చెవిలో పోస్తే చీము పట్టొచ్చు. ఒలీవ నూనె వెలుతురుకీ వేడికీ చెడి కంపు కొడుతుంది, అందుకే ముదురు రంగు గాజులో దాస్తారు. కిటికీలో తళతళ మెరవాలన్న తమరి సోకు తమరి ఆయుష్షునే తింటోంది.

ఉద్దానం వైపు మాత్రం అడుగు పెట్టకండి. కవిటి, సోంపేట, కంచిలి ఊళ్లలో కిడ్నీలు పోయినవాళ్లకి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగేసి గంటలు. "రాసుకున్నావు కదేటి, ఇంకా సూదులెందుకు?" అంటారు తమరి తరఫువాళ్లు. మానేస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. లూకా సువార్త 10లో సమరయుడు, దొంగలు కొట్టి పడేసినవాడి గాయాలకి నూనె, ద్రాక్షారసం పోశాడు. అక్కడితో ఆగాడా? కట్లు కట్టాడు, తన వాహనం ఎక్కించాడు, పూటకూళ్ల ఇంట్లో రాత్రంతా చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలు తన సంచిలోంచి తీసి ఇచ్చాడు. కానుక కవరు చాపలేదు.

రోగాలు పోగొట్టే మహిమ ఉందని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది, అది తమరి లాయరు చూసుకుంటాడు. మేం అడిగేది లేబులు సంగతే. పావురం రెక్క కింద ఇంకా జాగా ఉంది, రెండు ముక్కలు వేయించండి: "పెద్దలు ఇంటికొచ్చాకే మూత తీయవలెను. డయాలసిస్ మానరాదు."

ఇట్లు,
తమరి గిరాకీ చెడగొట్టేవాళ్లు