ఎంపాక్స్ అందరికీ ఒక్కతీరు ఉండది
ఎంపాక్స్ (మంకీపాక్స్, ఒంటి మీద పొక్కులు లేసే జబ్బు) మీద మీ ఆర్టికల్‌ల, ఇది రెండు నుంచి నాలుగు వారాలల్ల దానంతట అదే తగ్గిపోతది, పరేషాన్ కావొద్దు అని రాసిండ్రు, మామూలు మనిషికైతే కరెక్టే గాని హెచ్ఐవీ ముదిరి సీడీ4 (రక్తంల రక్షణశక్తి కణాల లెక్క) బాగ పడిపోయినోళ్ల గురించి ఒక్క లైను గూడ లేదు. 2023ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వచ్చిన స్టడీల 19 దేశాల నుంచి సీడీ4 350 లోపున్న 382 మందిని చూస్తే 27 మంది చనిపోయిండ్రు, ఆ 27 మందికీ సీడీ4 200 లోపే. ఇసొంటోళ్లకు పొక్కులు ఎండవు, కండ కుళ్లి పెద్ద పుండ్లయితయి, ఊపిరితిత్తులకు గూడ పాకుతది. ఇంకో చిక్కు, ఏఆర్‌టీ గోలీలు (హెచ్ఐవీని అదుపుల పెట్టే మందులు) మొదలువెట్టినంక ఒంట్ల రక్షణశక్తి ఒక్కసారే లేచి జబ్బు ఇంకా ముదిరిందని అనుమానం వచ్చినోళ్లు 21 మంది, అండ్ల 12 మంది పోయిండ్రు, అట్లని గోలీలు ఆపుతరా అంటే అదీ కుదరదు. గందుకే వీళ్ల మీద సపరేట్‌గ స్టడీ కావాలె అంటున్న, ఎంపాక్స్‌కు టెకోవిరిమాట్ అనే మందు పనిచేస్తదా అని అమెరికావాళ్లు చేసిన స్టాంప్ (STOMP) ట్రయల్‌ల సీరియస్ ఉన్నోళ్లకు నేరుగ మందే ఇచ్చిండ్రు, మందు లేని ఉత్త గోలీతోని పోల్చలే, మరి వాళ్లకు పనిచేసిందా లేదా ఎట్ల తెలుస్తది? మా పరకాల దిక్కు నుంచి భీవండి మగ్గాల పనికి పోయిన మా దగ్గరి మనిషి ఒకాయన అక్కడ హెచ్ఐవీ గోలీలు బంద్ చేసి, పూర్తిగ చిక్కిపోయినంక వాపసొచ్చిండు, ఇంట్లోళ్లు బతిలాడితే గాని ఏఆర్‌టీ సెంటర్‌కు పోలే. అసొంటాయనకు పొక్కులు లేస్తే మీ ఆర్టికల్ చదివి నాలుగు వారాలు ఇంట్లనే పండుకుంటడు.