గడ్డం గీత

క్షవరం అయితే గానీ వివరం తెలియదన్నారు పెద్దలు. నాకు క్షవరం మొదలై ఏడు నెలలైంది. వివరం ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. నా వెనక ఈ దారిలోకి రాబోయే బెంగళూరు తెలుగు సోదరుల కోసం నాలుగు మాటలు రాసిపెట్టడం నా బాధ్యత అనుకుని ఇది రాస్తున్నాను.

విషయం గడ్డం గీసుకోవడం. నవ్వకండి. ఒక చేత్తో ఫోన్‌లో ఆఫీసు మెసేజీలు తోసుకుంటూ, డబ్బా నొక్కితే బుస్సుమని వచ్చిన నురగ పూసుకుని, అయిదు బ్లేడ్ల ప్లాస్టిక్ వస్తువుతో మూడు నిమిషాల్లో మొహం తుడిచేసుకోవడాన్ని మీరు గడ్డం గీసుకోవడం అనుకుంటున్నారు. శాస్త్రప్రకారం గీసుకోవాలంటే ఒకే ఒక్క బ్లేడు ఉండాలి. దాన్ని రెండు రేకుల మధ్య బిగించే బరువైన రేజర్ ఉండాలి. కుచ్చు బ్రష్షు, గిన్నె, గిన్నెలో సబ్బు ఉండాలి. మీ తాతగారు చేసింది ఇదే. కాకపోతే ఆయన దీన్ని ఒక పని అనుకుని పది నిమిషాల్లో ముగించి పొలానికో కచేరీకో వెళ్లిపోయారు. దాంతో ఇందులోని లోతు మన ఇళ్లలో రెండు తరాల పాటు మరుగున పడిపోయింది.

నాకు ఉపదేశం ఇచ్చింది మా టీములోని రాజమండ్రి అబ్బాయి. మారతహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్సులో, పప్పు వడ్డించే దగ్గర మొదలుపెట్టి పెరుగు దాకా చెప్పాడు. తెలుగులో బ్లేడు వేయడం అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. ఈ విద్యలో ఆ మాట రెండు రకాలుగానూ నిజం. మొహానికి వేసుకోవడం నేర్చినవాడు మూడో రోజుకల్లా ఎదుటివాళ్లకి వేయడం మొదలుపెడతాడు. ఇది కొత్త జబ్బేమీ కాదు. జాన్ జాక్ పెరే అనే పారిస్ కత్తుల పనివాడు, ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవడం ఎలాగో నేర్పడానికి 1769లోనే ఏకంగా ఒక పుస్తకం అచ్చేశాడు.

రాజమండ్రి అబ్బాయి వాదన ఆర్థికపరమైనది. నేను కొనే కార్ట్రిడ్జిలు, అంటే ఆ ప్లాస్టిక్ రేజర్‌కి తగిలించే బ్లేడ్ల తలలు, నాలుగు 700 రూపాయలు, రెండు నెలలు వస్తాయి. అంటే నెలకి 350. అదే మామూలు రెండంచుల బ్లేడు అయిదు రూపాయలు. నెలకి ఆరు వాడినా 30. నెలకి 320 రూపాయలు ఆదా! ఇంత డబ్బు ఇన్నేళ్లుగా మురిక్కాలవలో పోస్తున్నానని తెలిసేసరికి నాకు పెరుగన్నం సహించలేదు. ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాను.

సోలింగెన్‌లో తయారైన జర్మన్ రేజర్ 5,200. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసిన బ్రష్షు 4,300. ఆ జంతువు మన పంచతంత్రంలో ఎక్కడా కనపడదు. అందుకే కాబోలు మా ఆవిడ దాన్ని దేవుడి గది ఛాయలకి రానివ్వదు. ఇటలీ సబ్బు 1,600. రేజర్, బ్రష్షు నిలబడి సేద తీరడానికి స్టాండు 1,250. నురగ గిలక్కొట్టడానికి లోపల గీతలున్న పింగాణీ గిన్నె 900. పటిక బిళ్ల 450. ఆ పైన రాసుకునే లేపనం 1,020. మొత్తం 14,720. నెలకి 320 చొప్పున సరిగ్గా 46 నెలల్లో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది. ఈ లోపల ఇంకేమీ కొనకూడదు, అంతే. మరుసటి వారం ఇంకో సబ్బు కొన్నాను. అది 51 అయింది.

మా మూలపురుషుడి గురించి రెండు ముక్కలు. కింగ్ క్యాంప్ జిలెట్ సీసా మూతల కంపెనీలో సేల్స్‌మన్. ఒకసారి వాడి పారేసే వస్తువేదైనా కనిపెట్టవయ్యా, కొన్నవాడు మళ్లీ మళ్లీ నీ దగ్గరికే వస్తాడు అని ఆ మూతను కనిపెట్టిన యజమానే ఆయనకి సలహా ఇచ్చాడట. వాడి పారేసే బ్లేడున్న రేజర్ కోసం 1901లో కంపెనీ పెట్టాడు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంటు వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో రేజర్ అమెరికా సైనికుల సంచుల్లోకి చేరింది, ఇక వెనక్కి చూసుకోలేదు. నాకు మాత్రం ఆయన అంతకుముందు సంగతే ఇష్టం. 1894లో ఒక పుస్తకం రాసి, అమెరికా జనాభాలో చాలామందిని నయాగరా జలపాతం దగ్గర ఒకే ఒక్క మహానగరంలోకి చేర్చేయాలని ప్రతిపాదించాడు. అమెరికా వాళ్లు పట్టించుకోలేదు. జలపాతం ఒక్కటే లోటు గానీ, మిగతా పథకాన్ని బెంగళూరు ఎప్పుడో అమలు చేసేసింది.

ఇక్కడ గిట్టనివాళ్లు ఒక కొర్రీ వేస్తారు. సంప్రదాయం అంటే మంగలికత్తీ తోలుపట్టీ కదా, వాడి పారేసే అలవాటుకి శ్రీకారం చుట్టిన రేకుముక్కని పట్టుకుని సంప్రదాయం అంటారేమిటి అని. వాళ్లతో నేను వాదన పెట్టుకోను. కార్ట్రిడ్జికి 1971లో రెండు బ్లేడ్లు, 1998లో మూడు, 2006లో అయిదు వచ్చాయి. ఈ లెక్కన మన మనవళ్ల కాలానికి దువ్వెనంత రేజర్ వస్తుంది. అప్పుడు నలుగురూ ఈ అయిదు బ్లేడ్లదాన్నే సంప్రదాయం అని నెత్తిన పెట్టుకుంటారు. నాది మరీ పాతబడకముందే పట్టుకున్నాను.

ఇక సాధన. అన్నిటికన్నా ముందు నీళ్లు. బెల్లందూరులో మా అపార్ట్‌మెంటుకి వచ్చేవి బోరు నీళ్లు. అవి చాలనినాడు ట్యాంకరు. ఆ నీళ్లలో సున్నం ఎంత ఉంటుందో గీజరు విప్పిన మెకానిక్కుని అడగండి. అలాంటి నీళ్లలో సబ్బు నురగ కట్టదు. సున్నంతో కలిసి తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. మొదటి రోజు ఇటలీ సబ్బుని ఇరవై నిమిషాలు గిలక్కొట్టాను. గిన్నెలో విరిగిన పాలూ, మోచేతిలో నొప్పీ మిగిలాయి. రెండో రోజు వంటింట్లోంచి క్యాన్ నీళ్లు చెంబుతో ముంచుకొచ్చాను. ఎంత నురగ! బ్రష్షు ఎత్తితే కొసన ముక్కులా వంగి నిలబడింది. అద్దం ముందు మొహమంతా పూసుకుని అయిదు నిమిషాలు ఊరికే నిలబడిపోయాను, గీయాలనిపించలేదు.

"తాగే నీళ్లా అవి?" అంది మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి.

నేను చట్టం వివరించాను. 2024 మార్చిలో నగరంలో నీటికి కటకట వచ్చినప్పుడు తాగునీళ్లతో కారు కడిగినా, తోటకి పోసినా 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఆ జాబితాలో గడ్డం లేదు. వంద కిలోమీటర్ల అవతల నుంచి కావేరిని ఎత్తుమీదికి తోడుకొచ్చుకునే ఊళ్లో, ఆ నీళ్లు కుళాయిలో వచ్చే అదృష్టం లేనివాడు క్యాను కొనుక్కుంటే తప్పేముంది? ఆవిడ క్యాను మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి వెళ్లిపోయింది. గీత కింద నీళ్లు నావి కావు.

తర్వాత కోణం. బ్లేడు చర్మానికి 30 డిగ్రీల్లో ఆనాలి. తగ్గితే తెగదు, పెరిగితే తెగుతుంది, అయితే తెగేది గడ్డం కాదు. చేత్తో నొక్కకూడదు, రేజర్ బరువే గీసుకుంటూ పోవాలి. పదిహేనేళ్లు కార్ట్రిడ్జితో కొబ్బరి కోరినట్టు గీక్కున్న చెయ్యి, ఇవాళ నొక్కొద్దంటే వింటుందా? పైగా ముందు మన గడ్డం ఎటు మొలుస్తోందో వేళ్లతో తడిమి పటం గీసుకోవాలి. చెంపల మీద బుద్ధిగా కిందికే ఉంది. ఎడమ గొంతు దగ్గర మాత్రం సిల్క్ బోర్డు జంక్షనే, ఎవరికి వీలైనట్టు వాళ్లు పోతున్నారు. మొదటిసారి వాలుగా, మళ్లీ నురగ పూసి అడ్డంగా, మళ్లీ పూసి ఎదురుగా గీయాలి. సరైన కోణం దొరికినప్పుడు చిర్రు చిర్రుమని ఒక చిన్న చప్పుడు వస్తుంది, ఎండు ఆకు మీద గోరు గీసినట్టు. ఆ చప్పుడు విన్నవాడు ఇక మామూలు మనిషి కాడు. నేను విన్నాను. విన్న ఆనందంలో చెయ్యి కదిలింది.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నర మీటింగులో నా మొహం మీద నాలుగు చోట్ల టిష్యూ ముక్కలు అంటుకుని ఉన్నాయి, ఒక్కో దాని నడుమ ఒక్కో ఎర్ర చుక్క. కెమెరా పాడైందని చెప్పాను. వారం రోజులు పాడైంది.

ఎనిమిదో రోజున ఊళ్లో పెళ్లికి వెళ్లాలి. ఎడమ పక్క గీయడానికి ధైర్యం చాలక మా వీధి చివర చిన్న సెలూన్‌కి వెళ్లాను. బాగేపల్లి వైపు ఆయన, మన తెలుగే.

"ఎవురు సార్ గీకింది?" అన్నాడు గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి.

"నేనే."

ఆయన ఇంకేమీ అనలేదు. సొరుగులోంచి బ్లేడు తీశాడు. కాగితం విప్పకుండానే రెండు వేళ్ల మధ్య మడిచి టక్కున విరిచాడు. ఒక సగం కత్తిలోకి తోశాడు. రెండో సగాన్ని కాగితంతో సహా అద్దం ముందు పెట్టాడు, తర్వాత వచ్చేవాడి కోసం. తిరుమల కళ్యాణకట్టలో టోకెనుతో పాటు చేతిలో పెట్టేదీ ఇలాంటి సగం బ్లేడే అని గుర్తొచ్చింది. నేను ఏ రకం బ్లేడు నా చర్మతత్త్వానికి నప్పుతుందా అని అయిదు రకాలు తెప్పించి నోటుబుక్కులో మార్కులు వేస్తున్నాను. ఆయన ఆ సగం ముక్కతోనే, కుచ్చు ఊడిన నైలాన్ బ్రష్షుతో, బోరు నీళ్లతోనే నురగ లేపేశాడు.

"ఈ నీళ్లతో నురగ ఎట్లా వస్తోంది?" అన్నాను ఉండబట్టలేక.

"క్రీము ఇంకొంచెం ఏస్తే వస్తాది సార్. ఉల్టా కొట్టేదా, వద్దా?"

ఎదురు గీతని ఆయన ఉల్టా అంటాడు. కొట్టమన్నాను. ఆరు నిమిషాల్లో అయిపోయింది, చుక్క నెత్తురు లేదు. 80 రూపాయలు. ఆ ఖర్చుని షీటులో ఏ పద్దులో రాయాలో తెలియక 'శిక్షణ' అని రాశాను. క్రీము ఎక్కువ వేయడం అనే ఉపాయం గురించి ఆలోచించాను గానీ, ఇటలీ సబ్బు ఖరీదుకి అది కుదిరే పని కాదు.

పోయిన నెల అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. నాన్న ముప్పై ఏళ్లు ఇలాంటి రేజర్‌తోనే గీసుకున్నారు. ఆయన చూస్తే మురిసిపోతారని, బాత్‌రూమ్ అరలో స్టాండు కాస్త ముందుకి జరిపి పెట్టాను. బయటికొచ్చి సోఫాలో కూర్చుని, తన ట్రిమ్మర్ తీసి టీవీ చూస్తూ బర్రుమనిపించుకోవడం మొదలుపెట్టారు.

"ఆ సామాను ఎవరిదిరా?"

"నాదే నాన్నా. మీరు వాడినలాంటిదే."

"దాన్ని వదిలించుకునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. దుకాణంలో ఊరికే ఇస్తున్నారా?"

ధర చెప్పలేదు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని ఆయన అప్పుడప్పుడు అంటుంటారు. ఆ సామెతలో గడ్డం ఇంత నేరుగా ఎప్పుడూ తగల్లేదు నాకు. అమ్మ పటిక బిళ్ల పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మా గుమ్మానికి దిష్టికి కట్టిన ఎర్ర గుడ్డ మూటలో ఉన్నదీ ఇదే కదా అని అడిగింది. అవును, ఇదే. గాంధీబజారు గ్రంథిగె అంగడిలో, అంటే పూజసామాన్ల దుకాణంలో, పదిహేను రూపాయలకి మా ఆవిడ అరచేతెడు తెచ్చింది. గుమ్మానికున్నది నెత్తురు ఆపడానికి పనికిరాదా అంటే పనికొస్తుంది. అయితే దానికి నున్నటి అంచులూ, మీద కంపెనీ ముద్రా ఉండవు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ కిటికీ పక్కన కూర్చుని పట్టుచీర జాకెట్టు కుట్లు విప్పుతోంది. ఒళ్లు చేశాను, రెండు పక్కలా వదులు చేసుకోవాలి అంది. చేతిలో చిన్న రేకు తళుక్కుమంది. దగ్గరికెళ్లి చూస్తే నా జపాన్ బ్లేడు. కత్తులకి పేరుపడ్డ సెకీ ఊరి నుంచి వచ్చినది. చర్మం ఇంకా దానికి సిద్ధంగా లేదని నేను విప్పకుండా దాచుకున్న ప్యాకెట్టు. అమ్మ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య విల్లులా వంచి, దారం కింద దూర్చి ఒక్కొక్క కుట్టే టుక్కు టుక్కున తెంపుతోంది. ఎంత కోణమో నేను చూశాను. ముప్పైకి అటూ ఇటూగా ఉంది. బట్ట మీద ఎక్కడా గీత పడలేదు.

"బాగానే తెగుతోందిరా," అంది తలెత్తకుండా. "ఇంకోటి ఉంటే ఇచ్చిపో. నీలం జాకెట్టు కూడా ఉంది."

ఇచ్చాను. ఇక్కడ దర్జీకి ఇస్తే ఒక్కో జాకెట్టుకి 150 అడుగుతాడట, తనే చేత్తో మళ్లీ కుట్టేసుకుంది. సాయంత్రం ఎక్సెల్ తెరిచి, ఆరు నెలలుగా ఖాళీగా ఉన్న 'ఆదా' గడిలో 300 అని కొట్టాను.