విషాన్ని తట్టుకున్న చేపను చూసి సంబరపడొద్దు

కాలుష్యానికి కూడా జీవులు అలవాటు పడిపోతున్నాయన్న వార్త వస్తే చాలు, ప్రకృతి తన దారి తాను చూసుకుంటుందిలే అనేవాళ్లు బయల్దేరతారు. వాళ్లకు బాగా నచ్చే ఉదాహరణ అమెరికాలోని హడ్సన్ నదిలో ఉండే టామ్‌కాడ్ చేప.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఫ్యాక్టరీలు రెండు 1977 దాకా సుమారు 30 ఏళ్లపాటు ఆ నదిలోకి పీసీబీలు వదిలాయి. కెపాసిటర్ల తయారీలో వాడిన నూనెలాంటి రసాయనాలివి. ఒక పట్టాన విడిపోవు. అడుగు బురదలో పేరుకుని, చేపల కొవ్వులోకి చేరతాయి. ఒక దశలో రెండేళ్ల టామ్‌కాడ్‌లలో 90 శాతానికి పైగా కాలేయ కణితులు కనిపించాయి. అయినా ఆ చేప అక్కడ అంతరించలేదు. కారణాన్ని 2011లో శాస్త్రవేత్త ఐజాక్ విర్గిన్ బృందం బయటపెట్టింది. ఏహెచ్‌ఆర్2 అనే జన్యువులో ఆరంటే ఆరే డీఎన్‌ఏ అక్షరాలు లేవు. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో రెండు అమైనో ఆమ్లాలు తగ్గాయి. పీసీబీ హాని చేయాలంటే ఆ ప్రోటీన్‌ను పట్టుకోవాలి, ఇప్పుడు దానికి సరైన పట్టు దొరకడం లేదు.

ఆ లోపం పీసీబీ వల్లే పుట్టిందనుకోనక్కర్లేదు. చుట్టుపక్కల శుభ్రమైన నీళ్లలోనూ అరుదుగా కొన్ని చేపల్లో అది ఉంది. విషం జల్లెడ పట్టింది, అంతే. హడ్సన్‌లో ఇప్పుడు దాదాపు అన్ని చేపల్లోనూ ఆ ఒక్క రకమే. అంటే ఆ జన్యువు వరకు వైవిధ్యం తుడిచిపెట్టుకుపోయింది. దీన్ని విజయం అనడానికి నాకు మనసు ఒప్పదు. జల్లెడలో రాలిపోయిన తరాల లెక్క ఎవరూ రాయలేదు.

డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీసే కాలుష్యం సంగతి వేరు. పొగలో ఉండే బెంజోపైరీన్‌ను వదిలించుకోవాలని శరీరం దాన్ని మార్చబోతుంది. ఆ ప్రయత్నంలోనే అది డీఎన్‌ఏకు అతుక్కునే రూపంలోకి మారుతుంది. కెనడాలోని హామిల్టన్‌లో ఉక్కు ఫ్యాక్టరీల పక్కన ఎలుకలను ఉంచి చూశారు. 2004లో వచ్చిన ఫలితం: సన్నని ధూళిని ఆపే హెపా ఫిల్టర్ గుండా వచ్చిన గాలి పీల్చిన మగ ఎలుకల నుంచి పిల్లలకు చేరిన మ్యుటేషన్లు (డీఎన్‌ఏలో మార్పులు) మామూలు గాలి పీల్చినవాటితో పోలిస్తే సుమారు సగమే. పుట్టని పిల్లల దాకా పొగ వెళ్తోందన్నమాట.

మనకు పటాన్‌చెరు ఉంది. అక్కడ మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో వెల్లడైంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అంత మోతాదులో కూడా బతికే బ్యాక్టీరియా తన నిరోధక జన్యువులను పక్కవాటికి పంచగలదు. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.