వంటింటి పసుపు వేరు, సీసాలోని పసుపు వేరు

కళ్లు పచ్చబడి, అన్నం సయించక, ఒళ్లంతా దురదతో వచ్చిన మనిషిని కాలేయ వైద్యులు మొదట అడిగే ప్రశ్న, 'మందులేమైనా వాడుతున్నారా?' అని. మన దగ్గర ఎక్కువగా వచ్చే జవాబు 'ఏమీ లేవండీ' అనే. అది అబద్ధం కాదు. పరగడుపున వేసుకునే పసుపు క్యాప్సూలు, రాత్రి పాలలో కలుపుకునే అశ్వగంధ చూర్ణం, మోకాళ్ల నొప్పులకని తెలిసినవాళ్లు తెచ్చిచ్చిన పొడి వారి లెక్కలో మందుల కిందికి రావు. వైద్యులు మరోసారి, చూర్ణమా, కషాయమా, లేహ్యమా అని విడివిడిగా అడిగితే తప్ప ఆ సీసాలు చేతిసంచీలోంచి బయటికి రావు. కిటకిటలాడే ఓపీలో ఆ రెండో ప్రశ్నకు తీరిక దొరకడం కష్టం.

మూలికా వైద్యాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. తరతరాలుగా ఇంట్లో వాడిన మొక్క మీద జనానికున్న నమ్మకాన్ని, ఆ మొక్క పేరు తప్ప మరే పోలికా లేని సరుకుకు పూచీగా చూపి అమ్ముతున్న తీరు మీదే మా అభ్యంతరం.

పసుపునే తీసుకుందాం. మామూలు పసుపులో, దానికి ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం సుమారు 3 శాతమే ఉంటుంది. 95 శాతం గాఢత గల సారంతో చేసిన 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఉండే కర్క్యుమిన్ కావాలంటే దాదాపు 15 గ్రాముల పసుపు తినాలి. పప్పులో చిటికెడు వేసే ఇల్లాలు అయిదు చెంచాల పసుపును ఒక్క మనిషి కంచంలో కుమ్మరించడం ఎన్నడైనా చూశామా? కథ అక్కడితో ఆగదు. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు కనుక చాలా కంపెనీలు అందులో మిరియాల సారమైన పైపరిన్ కలుపుతాయి. అలా కలిపితే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ 20 రెట్లు పెరుగుతుందని 1998లో ప్రచురితమైన బెంగళూరు పరిశోధన చూపింది. అదే పైపరిన్, కాలేయం మందులను విరగ్గొట్టే పనిని కూడా మందగింపజేస్తుంది. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారికి రోజూ మింగే మోతాదు మారకపోయినా రక్తంలో ఆ మందు మట్టం పెరిగే ముప్పు ఉంటుంది.

ఇలాంటి పసుపు సీసాలు కాలేయానికి చేటు చేయగలవన్నది ఊహ కాదు. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయ వాపు కేసులు ఒకదాని వెంట ఒకటి బయటపడటంతో అక్కడి ప్రభుత్వం లేబుల్ మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్నవారిని నమోదు చేసే వైద్యబృందం 2022లో పసుపు వల్ల అలా జరిగిన పది మంది వివరాలు ప్రచురించింది. వారిలో అయిదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు మరణించారు. ఏడుగురిలో ఒకే రకమైన జన్యు లక్షణం కనిపించింది. అంటే వాడినవారందరికీ ఇలా జరగదు. కానీ ఆ జన్యువు తమలో ఉందో లేదో దుకాణంలో సీసా కొనేవారికి తెలిసే దారి లేదు.

తిప్పతీగ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి పేరుతో ఇంటింటా తిప్పతీగ కషాయం మరిగింది. దాన్ని వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబయి వైద్యులు 2021లో రాశారు. మరుసటి ఏడాది దేశంలోని 13 వైద్య కేంద్రాల నుంచి 43 మంది వివరాలు వెలువడ్డాయి. తిప్పతీగ నిరపాయకరమనీ, దాన్ని పోలిన మరో తీగను పొరబాటున వాడి ఉండవచ్చనీ ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఆ వాదన నిజమే అనుకున్నా కొనేవారికి అది ఊరట ఎలా అవుతుంది? తిప్పతీగ అని రాసి ఉన్న పొట్లంలో ఉన్నది తిప్పతీగేనని చెప్పగల యంత్రాంగం లేదనే కదా దాని అర్థం?

ఒక మొక్కకు బదులు మరొకటి చేరితే ఎంత అనర్థమో బెల్జియంకు బాగా తెలుసు. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్ ఇచ్చిన చైనా మూలికల క్యాప్సూళ్లలో, పేర్లు దగ్గరగా ఉండటం వల్ల, ఉండాల్సిన మొక్క స్థానంలో అరిస్టలోకియా జాతి మొక్క చేరింది. వందకు పైగా మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి. తర్వాతి సంవత్సరాల్లో వారిలో చాలామందికి మూత్రనాళ క్యాన్సర్లు వచ్చాయి. పాముకాటుకు పల్లెల్లో పేరున్న మన ఈశ్వరి, గాడిదగడపాకు రెండూ ఆ జాతివే.

మొక్కే కాని సరుకు కలిపేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. కీళ్లనొప్పుల పొడి వేసుకున్న రెండో రోజుకే నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. నెలల తరబడి వాడి ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కనే లేహ్యాలూ, మాత్రలూ ఉంటాయి. బోస్టన్ ప్రాంతంలోని దక్షిణాసియా దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి ఉన్నట్టు 2004లో తేలింది. లోహాలను శాస్త్రోక్తంగా శుద్ధి చేసి తయారుచేసిన భస్మం వేరని వైద్యులు చెప్పే మాటను గౌరవిస్తాం. శుద్ధి జరిగిందని నిరూపించే పరీక్షా ఫలితాన్ని ప్రతి బ్యాచ్‌కూ చూపమనడం ఆ శాస్త్రానికి అవమానం కాదు. వత్సనాభి, నల్లజీడి, ముష్టి గింజలు విషమని మొదట గుర్తించి, వాటికి శుద్ధి, మోతాదు, అనుపానం (మందుతో పాటు తీసుకునే తేనె, పాలు వంటివి), పథ్యం నిర్ణయించింది ఆయుర్వేదమే. నాడి చూసి, పథ్యం చెప్పే వైద్యుణ్ణి పక్కకు నెట్టి, ఒక్క క్లిక్కుతో ఇంటికి సీసా పంపే వ్యాపారం ఆ సంప్రదాయం పేరు వాడుకోవడమే అసలైన అవమానం.

చట్టం తీరు గందరగోళాన్ని పెంచేదిగానే ఉంది. ఒకే మూలికను ఆయుష్ లైసెన్సుతో మందుగానూ అమ్మవచ్చు, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల కింద ఆరోగ్య సప్లిమెంటుగానూ అమ్మవచ్చు. సప్లిమెంటు సీసా మీద 'వైద్య అవసరాలకు కాదు' అన్న అర్థమిచ్చే ఇంగ్లిషు వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. ఆ సీసానే చేతిలో పెడుతూ షుగరు తగ్గుతుందని, మోకాలి గుజ్జు పెరుగుతుందని నోటిమాటగా చెబుతారు. ఆయుర్వేద ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండాలని ఔషధ నిబంధనల్లో 2018లో చేర్చిన 170వ నిబంధనను 2024 జూలైలో కేంద్రమే తొలగించింది. ప్రకటనల మీద ఆధారపడే పత్రికలకు ఈ విషయంలో బాధ్యత లేదని మేము అనుకోవడం లేదు. రుజువు లేని వైద్య ప్రకటనను తిప్పిపంపడం మాతో సహా అందరూ చేయాల్సిన పని.

రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు దుకాణాల నుంచి, ఆన్‌లైన్ అమ్మకాల నుంచి నమూనాలు సేకరించి స్టెరాయిడ్లకూ భారలోహాలకూ పరీక్షించి, ఫలితాలను బ్యాచ్ నంబర్లతో సహా ప్రజల ముందుంచాలి. సారం వాడిన ప్రతి ఉత్పత్తి మీదా అది ఎన్ని గ్రాముల మొక్కకు సమానమో రాయించాలి. శస్త్రచికిత్సకు ముందు, రక్తం పల్చబడే మందులు రాసేముందు, థైరాయిడ్ మోతాదు నిర్ణయించేముందు మూలికల గురించి అడగడం కేస్‌షీట్‌లో ఒక గడిగా ఉండాలి. థైరాయిడ్ హార్మోన్లను పెంచే గుణం అశ్వగంధకు ఉందని ఎంతమంది రోగులకు తెలుసు? మందుల దుష్ఫలితాలను తెలియజేయడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. దాన్ని ప్రతి సీసా మీదా ముద్రించాలి.

వత్సనాభి వంటి విషద్రవ్యాలతో చేసి కడుపులోకి తీసుకునే ఆయుర్వేద మందుల మీద, వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఇంగ్లిషులోనూ హిందీలోనూ ఉండాలని ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. ఆ రెండు భాషలూ రాని ఆదిలాబాద్ రైతుకూ, పాడేరు కూలీకీ ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే. ఇక్కడ అమ్మే ప్రతి సీసా మీద ఆ ఒక్క వాక్యం తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో ఉండేలా నిబంధన మార్చమని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కేంద్రానికి వెంటనే లేఖ రాయాలి.